సమాధి తోటలో ఆగిపోయిన నాటకం

ధ్యానించవలసిన వాక్యభాగం: యోహాను 19:38 – 20:18



2022లో ఒక ఆదివారం దివ్యపూజ ముగించి బయటకు వచ్చేసరికి, మా విచారణకు చెందిన ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నిలబడి ఉంది. ముఖంలో దిగులు, చేతిలో ఫోను. “ఫాదర్ గారూ, అమెరికాలో చదువుకుంటున్న మావాడు ఒక నాటకం చూశాడట. అందులో యేసు ప్రభువు గిటార్ల మోతలో పాడతాడట. మొదటి పాటే యూదా ఇస్కారియోతుదట. అలాంటిది చూస్తే పాపమా? పాపసంకీర్తనం చేయమని చెప్పనా?” అని అడిగింది.

కొడుకు పంపిన మాటలను ఫోనులో వినిపించింది. రెండేళ్లుగా తాను పూజకు వెళ్లడం లేదని ఆ అబ్బాయి మొదటిసారి తల్లికి చెప్పుకున్నాడు. స్నేహితులు టిక్కెట్టు కొంటే వెళ్లాడు. ప్రభువు నిజంగా నొప్పి పడ్డాడని చిన్నప్పటినుంచి విన్నా, ఆ రాత్రే అది గుండెకు తగిలిందట. “కానీ అమ్మా, ఆయన్ని సిలువ వేశారు, సంగీతం ఆగింది, దీపాలు వెలిగించారు, అందరూ ఇళ్లకు పోయారు. అంతేనా?” అని ముగించాడు.

ఆ తల్లిని కలవరపెట్టింది నాటకం. నన్ను కలవరపెట్టింది చివరి మాట. ఎందుకంటే అలాంటి ప్రశ్నే నన్ను ఇదివరకు ఒకసారి అడిగారు, అప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేదు. గురుపట్టం పొందిన తొలి సంవత్సరాల్లో గాన బృందంలోని ఒక యువకుడు ఇదే నాటకం పాటల క్యాసెట్టు తెచ్చి, “ఫాదర్, యేసు ప్రభువు నిజంగా చావుకు భయపడ్డాడా?” అని అడిగాడు. “అలాంటివి వినకూడదు” అని క్యాసెట్టు తీసుకుని బల్ల సొరుగులో పెట్టాను. కొన్ని వారాల తర్వాత అతను గాన బృందానికి రావడం మానేశాడు. అడిగినది మంచి ప్రశ్న. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

ఆ నాటకం ఏమిటి?

దాని పేరు ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’. ఇంగ్లండుకు చెందిన ఇద్దరు యువకుల రచన. సంగీతం ఆండ్రూ లాయిడ్ వెబ్బర్, పాటలు టిమ్ రైస్. రంగస్థలం మీదికి తెచ్చేందుకు పెట్టుబడి పెట్టేవారు దొరకక, ముందు పాటల రికార్డుగానే తయారు చేశారు. 1970లో ఆ రికార్డు వెలువడేనాటికి వెబ్బర్‌కు 22 ఏళ్లు, రైస్‌కు 25. 1971లో అది అమెరికాలో అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది అక్టోబరు 12న న్యూయార్కులోని మార్క్ హెలింగర్ థియేటరులో నాటకం మొదలై 711 ప్రదర్శనలు నడిచింది. లండనులో 1972 నుంచి 1980 దాకా 3,358 ప్రదర్శనలు జరిగాయి. 1973లో నార్మన్ జూయిసన్ ఇశ్రాయేలు దేశంలో చిత్రీకరించి సినిమాగా తీశాడు. అందులో యేసుగా నటించిన టెడ్ నీలీ ఆ తర్వాత దశాబ్దాలపాటు రంగస్థలం మీద అదే పాత్ర పోషించాడు. పాటలన్నీ కంఠతా వచ్చి, ఊరికి వచ్చిన ప్రతిసారీ వెళ్లి చూసే అభిమానులు ఈ నాటకానికి తరతరాలుగా ఉన్నారు.

ఆ అబ్బాయి చూసినది కొత్త రూపం. 2016లో లండను రీజెంట్స్ పార్కులోని ఆరుబయలు రంగస్థలం మీద టిమోతీ షీడర్ దర్శకత్వంలో దీన్ని మళ్లీ వేశారు. 2017లో ఉత్తమ పునఃప్రదర్శనగా ఒలివియె బహుమతి పొందింది. రికార్డు యాభయ్యవ వార్షికోత్సవం పేర 2019లో అమెరికా నగరాల యాత్రకు బయలుదేరింది. 2020 మార్చిలో కరోనా వల్ల ఆగిపోయి, 2021లో మళ్లీ సాగింది. 2023లో ఇంగ్లండు నగరాల్లోనూ యాత్ర మొదలైంది.

ఇందులో సంభాషణలు లేవు. మన యక్షగానంలా కథంతా పాటతోనే నడుస్తుంది. ప్రభువు చివరి ఏడు రోజులే కథ. యూదా ఇస్కారియోతు ఆందోళనతో మొదలై సిలువతో ముగుస్తుంది.

రంగస్థలం మీద ప్రభువును చూపించడమే తప్పు అనేవారు ఉన్నారు. అలాగైతే పవిత్ర శుక్రవారంనాడు మన యువత వేసే సిలువమార్గ ప్రదర్శనను ఏమనాలి? జర్మనీలోని ఓబరామర్‌గౌ గ్రామస్థులు మహమ్మారి కాలంలో 1633లో మొక్కుకుని, 1634 నుంచి ప్రభువు పాటుల నాటకం వేస్తున్నారు. 1978లో ‘కరుణామయుడు’ చిత్రం వచ్చాక, విజయచందర్ గారి ముఖమే ప్రభువు ముఖంగా గుర్తుపెట్టుకున్న పల్లెలు మన తెలుగునాట ఎన్ని లేవు! కాబట్టి చూపించవచ్చా అన్నది మన ప్రశ్న కాదు. చూపించినది మనం నమ్మేదానికి ఎంత దగ్గర, ఎంత దూరం అని పరిశీలించాలి. మూడు విషయాలు తీసుకుందాం.

1. యేసు ప్రభువు నిజంగా భయపడ్డాడా?

నాటకానికి గుండెకాయ గెత్సేమని పాట. అందులో యేసు తండ్రిని నిలదీస్తాడు. తానెందుకు చావాలి, చనిపోతే ఏమి ప్రయోజనం అని అడుగుతాడు. చాలామంది క్రైస్తవులకు ఇదే కష్టంగా తోచింది. దేవుని కుమారుడు ఇలా మాట్లాడతాడా అన్నారు.

కానీ సువార్తలు తెరచి చూడండి. మార్కు 14వ అధ్యాయంలో ఆయన కలత చెందాడు, నేలమీద పడి, ఆ పాత్ర తొలగిపోవాలని వేడుకున్నాడు. లూకా చెమట రక్తబిందువుల వలె పడిందని చెబుతాడు. హెబ్రీయుల లేఖ 5:7 ఆయన పెద్ద కేకలతో, కన్నీళ్లతో ప్రార్థించాడని అంటుంది. భయాన్ని నాటకం కల్పించలేదు.

ఈ సంగతి మీదనే తిరుసభ ఏడవ శతాబ్దంలో పెద్ద పరీక్షను ఎదుర్కొంది. క్రీస్తులో దైవ చిత్తం ఒక్కటే ఉంది, మానవ చిత్తం లేదు అని కొందరు బోధించారు. చక్రవర్తులు కూడా ఆ బోధను సమర్థించారు. పునీత మాక్సిముస్ అనే సన్యాసి ఒప్పుకోలేదు. ఆయన చూపించిన రుజువు గెత్సేమని ప్రార్థనే. ప్రభువుకు మానవ చిత్తం లేకపోతే, తండ్రి చిత్తానికి ఆయన దేనిని అప్పగించినట్టు? మన భయాన్ని, మన వెనుకంజను ఆయన తనదిగా తీసుకోకపోతే, అవి స్వస్థత పొందేదెలా? ఇలా బోధించినందుకు 662లో ఆ వృద్ధుని నాలుక, కుడిచేయి కోసి దేశాంతరం పంపారు. ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు. 681లో ముగిసిన కాన్‌స్టాంటినోపుల్ మూడవ మహాసభ, క్రీస్తులో దైవ చిత్తం, మానవ చిత్తం రెండూ ఉన్నాయని ప్రకటించి ఆయన పక్షాన నిలిచింది. కథోలిక తిరుసభ సత్యోపదేశం 475వ పేరాలో ఈ బోధను మీరు చదువుకోవచ్చు.

కాబట్టి గాన బృందంలోని ఆ యువకునికి నేను చెప్పవలసిన జవాబు ఇది: “అవును నాయనా, భయపడ్డాడు. ఆ మాట నిలబెట్టడానికి ఒక పునీతుడు తన నాలుకను పోగొట్టుకున్నాడు.”

మరి తేడా ఎక్కడ? నాటకంలో యేసు చివరకు లొంగిపోతాడు, కానీ జవాబు చెప్పని యజమానికి అలసిన పనివాడు లొంగినట్టు లొంగుతాడు. సువార్తలో ఆయన భయం మధ్యనే తండ్రిని ‘అబ్బా’ అని పిలిచాడు. ఇంట్లో పిల్లవాడు నాన్నను పిలిచే పిలుపు అది. భయం ఒకటే, పిలుపు వేరు. ఆసుపత్రి మంచం మీద ఉన్నవారిని చూసే గురువుగా చెబుతున్నాను, ఈ తేడా చిన్నది కాదు. భయపడవద్దని రోగికి చెప్పలేము. భయంలో ఎవరిని పిలవాలో చెప్పగలం.

2. యూదా ఇస్కారియోతు, వెండి అంటిన చేతులు

ఈ నాటకం యూదాను దుర్మార్గునిగా చూపించదు. జనం ఆవేశపడితే రోము సైన్యం అందరినీ నలిపేస్తుందని అతని బెంగ. యోహాను 11వ అధ్యాయంలో ఇలాంటి భయమే ప్రధానార్చకుల సభలో వినిపిస్తుంది. నాటకం దాన్ని శిష్యుని నోట కూడా పెట్టింది. 2016 నాటి రూపంలో, వెండి నాణేలు తీసుకున్న యూదా చేతులకు వెండి రంగు అంటుకుంటుంది. ఆ తర్వాత ఎంతసేపటికీ పోదు. మత్తయి 27వ అధ్యాయానికి ఇది మంచి వ్యాఖ్యానం. యూదా నాణేలను తిరిగి విసిరేశాడు, కానీ చేసిన పని చేతులకే ఉండిపోయింది.

అదే ప్రదర్శనలో ప్రభువును కొరడాలతో కొట్టేటప్పుడు రక్తానికి బదులు మెరిసే పొడి చల్లారు. నిన్నటిదాకా జనం వేసిన జేజేలే నేడు గాయాలుగా మారినట్టు ఉంటుంది. ఇక్కడ పిల్లలకు చెప్పవలసిన మాట ఒకటి. నాటకం 39 దెబ్బలు లెక్కపెడుతుంది. సువార్తల్లో ఆ లెక్క లేదు. యూదుల ధర్మశాస్త్రం 40కి మించరాదన్నది, అందుకే ఒకటి తగ్గించి కొట్టేవారు. పౌలు కొరింతీయుల రెండవ లేఖ 11వ అధ్యాయంలో తాను తిన్న దెబ్బలను అలాగే లెక్క చెబుతాడు. ప్రభువును కొట్టినది రోము సైనికులు. వారికి ఆ హద్దు లేదు.

యూదాపై జాలి చూపడం తప్పా? కాదు. తిరుసభ ఎందరినో పునీతులుగా ప్రకటించింది గాని, ఫలానావాడు నరకంలో ఉన్నాడని ఎవరి పేరూ ప్రకటించలేదు. కానీ నాటకంలో యూదా, ఇదంతా దేవుడే తనచేత చేయించాడని నిందిస్తాడు. అక్కడ మనం ఆగాలి. అదే రాత్రి పేతురు కూడా ప్రభువును ఎరుగనన్నాడు. ఇద్దరూ పడిపోయారు, ఇద్దరూ బాధపడ్డారు. లూకా చెప్పినట్టు ప్రభువు తిరిగి పేతురువైపు చూశాడు, పేతురు ఆ చూపును తప్పించుకోలేదు. పాపసంకీర్తనం గదిలో మనం చేసేది ఇదే గదా!

మరొక హెచ్చరిక. 1971లో ఈ నాటకాన్ని క్రైస్తవులే గాక యూదు సంస్థలు కూడా విమర్శించాయి. యూదు అర్చకులను క్రూరులుగా చూపి, ప్రభువు మరణ దోషాన్ని ఒక జాతి మీద మోపుతున్నదని వారి బాధ. అది న్యాయమైన బాధ. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విడుదల చేసిన ‘నోస్త్రా ఎతాతే’ పత్రంలో, ప్రభువు పాటుల దోషాన్ని ఆనాటి యూదులందరిమీద గాని, నేటి యూదులమీద గాని మోపకూడదని బోధించింది. మన విచారణల్లో వేసే సిలువమార్గ ప్రదర్శనల్లో కూడా ఈ సంగతి మరచిపోతుంటాం. కైఫా వేషధారి చేత వికటంగా నవ్విస్తాం. ముందు మన ఇల్లు సరిదిద్దుకుందాం.

3. మగ్దలా మరియమ్మ

నాటకంలో మగ్దలా మరియమ్మ, ఈయనను ఎలా ప్రేమించాలో తెలియడం లేదని పాడుతుంది. గతంలో చాలామంది పురుషులు ఎరిగిన స్త్రీగా చూపించారు. మన తల్లులకు నొప్పి కలిగించినది ఇదే.

అయితే ఆ పొరపాటు నాటక రచయితలది మాత్రమే కాదు. సువార్తల్లో ఆమెను వేశ్య అని ఎక్కడా చెప్పలేదు. ఏడు దయ్యాలు వదలిన స్త్రీ అని లూకా 8:2 చెబుతుంది, అంతే. 591లో మహా గ్రెగోరి పోపు తన ప్రసంగంలో లూకా 7లోని పాపాత్మురాలిని, బెతానియా మరియమ్మను, మగ్దలా మరియమ్మను ఒకే స్త్రీగా చెప్పారు. పాశ్చాత్య చిత్రకారులూ కవులూ శతాబ్దాలపాటు అదే పట్టుకున్నారు. 1969లో సవరించిన ఆరాధన క్యాలెండరు ఈ చిక్కును విడదీసింది. 2016లో పోపు ఫ్రాన్సిస్ జూలై 22వ తేదీ స్మరణను, అపొస్తలులతో సమానంగా పండుగ స్థాయికి పెంచారు. ‘అపొస్తలులకు అపొస్తలి’ అన్న పాత బిరుదును మళ్లీ గుర్తుచేశారు.

ఆమెకు ఆ బిరుదు ఎలా వచ్చింది? దాని జవాబు నాటకం ఆగిన చోటుకు మరుసటి పేజీలో ఉంది.

ఆగిన చోటు

ఈ నాటకంలో చివరి సంగీతానికి మాటలు లేవు. దాని పేరు ‘యోహాను 19:41’. ఆ వచనం ఏమిటి? ప్రభువును సిలువ వేసిన చోట ఒక తోట, ఆ తోటలో ఎవరినీ ఉంచని కొత్త సమాధి. అక్కడితో నాటకం అయిపోతుంది. పునరుత్థానం లేదు. అంతకుముందే చనిపోయిన యూదా తిరిగి వచ్చి, నీవెవరు, ఎందుకు ఇలా చేశావు అని ప్రశ్నల వర్షం కురిపిస్తాడు. జవాబు రాదు.

ఇందుకు కోపపడే ముందు ఒక సంగతి గుర్తుచేసుకుందాం. ప్రతి సంవత్సరం మన తిరుసభ కూడా అక్కడ ఆగుతుంది. పవిత్ర శుక్రవారం ఆరాధన చివర ముగింపు గీతం ఉండదు. పీఠం మీద గుడ్డ కూడా ఉంచము. మౌనంగా వెళ్లిపోతాం. ఆ రోజు పూజ లేదు. మరునాడు కూడా పాస్కా జాగరణ దాకా పూజ లేదు. సమాధి దగ్గర మౌనం మనకూ తెలుసు. ఆ మౌనం తెలియనివాడికి పునరుత్థానం చౌకగా దొరికిన కథలా ఉంటుంది. కానీ మనం అక్కడే ఉండిపోము. శనివారం రాత్రి చీకట్లో నిప్పు వెలిగిస్తాం.

తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఫ్రాన్సు దేశపు కథోలిక తాత్వికుడు గాబ్రియేల్ మార్సెల్ ఆలోచన ఒకటి నా మనసులో నాటుకుంది. సమస్య వేరు, మర్మం వేరు అంటాడు. సమస్యను బయట నిలబడి పరిష్కరించవచ్చు. మర్మంలో నేను కూడా ఒక భాగం, బయట నిలబడే చోటు నాకు లేదు. నాటకశాలలో ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుని యేసు ఎవరు అనే సమస్యను చూస్తాడు. దివ్యపూజలో మనం కుర్చీ వదలి నడచివెళ్లి ఆయన శరీరాన్ని స్వీకరిస్తాం. నాటకం ఎంత బాగున్నా ఆ పని చేయలేదు. చేయనందుకు దాన్ని నిందించనూ కూడదు.

యోహాను 20వ అధ్యాయం మొదటి వచనం చదవండి. ఇంకా చీకటిగా ఉండగానే మగ్దలా మరియమ్మ సమాధికి వచ్చింది. అదే తోట. ఎలా ప్రేమించాలో తెలియదని నాటకం వదిలేసిన స్త్రీ, సువార్తలో సమాధి బయట ఏడుస్తూ నిలబడింది. ఎదుట ఉన్నది ప్రభువని ఆమెకు తెలియలేదు, తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు గుర్తుపట్టింది. వెళ్లి శిష్యులకు చెప్పింది. ప్రశ్నల వర్షానికి ప్రభువు ఇచ్చిన జవాబు ఒక సిద్ధాంతం కాదు, ఒకామె పేరు.

ఇంకొక ముచ్చట. 1971లో ఈ నాటకం మొదలైన మార్క్ హెలింగర్ థియేటరు ఎదుట క్రైస్తవులు నిరసన ఫలకాలు పట్టుకుని నిలబడ్డారు. 1989లో ఆ భవనాన్ని ఒక క్రైస్తవ సంఘం అద్దెకు తీసుకుంది, 1991లో కొనుక్కుంది. సమాధి దగ్గర తెర పడిన ఆ రంగస్థలం మీదే తర్వాత పునరుత్థాన సువార్త ప్రకటించారు. ఫలకాలు చేయలేని పని సువార్త ప్రకటన చేసింది.

ఇళ్లలో ఏమి చేయాలి?

ఆ తల్లికి నేను చెప్పినది ఇది: “అమ్మా, నాటకం చూసినందుకు పాపసంకీర్తనం అవసరం లేదు. రెండేళ్లు పూజకు వెళ్లనందుకు అవసరం. అయితే ఈ రోజు మందలించవద్దు. అతను ‘అంతేనా?’ అని అడిగాడు గదా, ‘అంతే కాదు, మరుసటి పేజీ చదువు’ అని రాయండి. యోహాను 20వ అధ్యాయం ఫోనులో మీరే చదివి వినిపించండి. అమ్మ గొంతుతో వింటే వేరుగా ఉంటుంది.” ఆమె పదో తరగతి దాకా చదువుకున్నది. తడబడుతూ చదివి పంపించింది. ఆ అబ్బాయి ఇప్పుడు కొన్ని ఆదివారాలు పూజకు వెళుతున్నాడు, కొన్ని ఆదివారాలు లేదు. ఆమె ఇంకా జపమాల చెబుతూనే ఉంది.

విదేశాల్లో మన పిల్లలు ఎన్నో చూస్తారు. 2025 ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లోని హాలివుడ్ బౌల్‌లో ఇదే నాటకంలో యేసు పాత్రను సింథియా ఎరివో అనే నటి పాడినప్పుడు మళ్లీ వాదోపవాదాలు లేచాయి. ప్రతిదానికీ నిషేధం విధిస్తే పిల్లలు చూడటం మానరు, మనకు చెప్పడం మానేస్తారు. ఏమి చూశావు, ఏది నచ్చింది, ఏది తేడాగా తోచింది అని అడగండి. తర్వాత సువార్త తెరవండి. జవాబు తెలియకపోతే, తెలియదు, ఫాదర్‌ను అడుగుదాం అనండి. గురువులమైన మేము కూడా క్యాసెట్టును సొరుగులో పెట్టకుండా, కూర్చుని వినడం నేర్చుకోవాలి.

ఆ క్యాసెట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తిరిగి ఇద్దామంటే ఆ యువకుడు ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఇది అతని కంట పడితే ఒకసారి రావలసిందిగా మనవి. నా జవాబు సిద్ధంగా ఉంది.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకోవడానికి

1. మార్కు 14:32-42 చదవండి. మన ఇంట్లో ఎవరైనా భయపడినప్పుడు ‘భయపడకు’ అంటామా, కలిసి ప్రార్థిస్తామా?

2. యూదా, పేతురు ఇద్దరూ తప్పు చేశారు. తప్పు చేశాక ఇద్దరి మధ్య తేడా ఏమిటి?

3. యోహాను 20:11-18 చదవండి. ప్రభువు నన్ను పేరు పెట్టి పిలిచాడని నాకు ఎప్పుడైనా అనిపించిందా?

4. మన పిల్లలు అడిగిన ఏ ప్రశ్నను మనం సొరుగులో పెట్టి మూసివేశాం? ఈ వారం దాన్ని బయటకు తీయగలమా?